దుర్యోధనుడిది పౌరుషమా, పొగరా?

ప్రశ్న: మా నాన్నగారికి దుర్యోధనుడంటే ప్రాణం. దానవీరశూరకర్ణ వస్తే టీవీ ముందు నుంచి కదలరు. అంత అభిమానధనుడు ఇంకొకడు లేడంటారు. నాకేమో ఆ పొగరే అందరినీ చంపిందనిపిస్తుంది. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారి తప్పేం లేదండీ, 1977లో ఎన్టీఆర్ ఆ వేషం కట్టాక తెలుగువాళ్లలో చాలామంది దుర్యోధనుడి పార్టీయే. భారతం తిరగేస్తే మాత్రం ఒక పర్వంలో మీరు గెలుస్తారు, ఇంకో పర్వంలో ఆయన.

అరణ్యపర్వం మీది. అడవుల్లో ఉన్న పాండవులకు తన వైభవం చూపించి ఏడిపిద్దామని ఘోషయాత్ర, అంటే ఆవులమందలు చూసొచ్చే వంకతో ద్వైతవనం వెళ్తాడు, చిత్రసేనుడనే గంధర్వుడికి చిక్కుతాడు, తీరా విడిపించిందెవరంటే ఆ పాండవులే! ఆ సిగ్గుకి తిండి మానేసి చచ్చిపోతానని కూర్చుంటాడు తప్ప మనసులో కృతజ్ఞత పుట్టదు. ఇది ఉక్రోషం. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని కృష్ణరాయబారంలో అన్నదీ ఈ బుద్ధితోనే, దానికి 18 అక్షౌహిణుల సేన బలైంది.

శల్యపర్వానికి వస్తే మనిషే వేరు. కర్ణుడు పోయాక కృపాచార్యుడు ఇకనైనా సంధి చేసుకోమంటాడు. నాకోసం ఇంతమంది చచ్చాక నేను ప్రాణం దాచుకోవడమా అని ఒప్పుకోడు. తర్వాత మడుగులో దాక్కున్నాడు నిజమే. కానీ ధర్మరాజు వచ్చి, మాలో ఒక్కడిని గెలువు, రాజ్యం నీదే అన్నప్పుడు నకులుడినో సహదేవుడినో రమ్మంటే పనైపోయేది కదా! అలాంటి మాట ఎందుకిచ్చావని కృష్ణుడు ధర్మరాజుకి చీవాట్లు కూడా పెడతాడు. దుర్యోధనుడు ఆ బేరానికి పోడు, ఎవరైనా సరే గద పట్టి రమ్మంటాడు, భీముడు ముందుకొస్తే భీముడితోనే తేల్చుకుంటాడు. ఇక్కడ నేను మీ నాన్నగారి పక్షం. ఎందుకంటే అప్పటికి పణంగా పెట్టింది తన ప్రాణమొక్కటే, ఊళ్లమీదివాళ్లవి కాదు.

ప్రశ్న: మరి కర్ణుడి రోషం?
– అదే పాఠకురాలు

జవాబు: భీష్ముడు తనని అర్ధరథుడు, అంటే సగం యోధుడు, అన్నాడని అలిగి, ఆయన ఉన్నంతకాలం యుద్ధం చేయనన్నాడు. 18 రోజుల యుద్ధంలో 10 రోజులు అలా పోయాయి, అదీ తనని అంగరాజుని చేసిన స్నేహితుడు కష్టంలో ఉండగా. ఎన్ని దానాలు చేసినా ఈ ఒక్క పనికి మాత్రం కర్ణుడి మీద నాకు కోపం పోదు.