తిండి, టెంటు ఉచితం... మరి జీతం ఎటు పోతోంది?

ప్రశ్న: నా వయసు 24. మాది విజయనగరం జిల్లా. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను. రెండేళ్లుగా రిషికేశ్ ఎగువన గంగ ఒడ్డున, స్కూలు పిల్లల క్యాంపులో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ అక్కడే ఉంటున్నాను. అక్టోబరు నుంచి జూన్ దాకా నెలకు 20,000 రూపాయలు ఇస్తారు. వానాకాలం మూడు నెలలు జీతం ఉండదు, అప్పు చేస్తుంటాను. ఇంటికి నెలకు 5,000 పంపుతాను. ఖర్చులేమీ లేనట్టే ఉంటుంది గానీ ఇప్పటికి నాకంటూ మిగిలింది ఒక ట్రంకు పెట్టె. హైదరాబాద్‌లో 32,000 ఉద్యోగం ఉంది, వచ్చేయమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి లెక్క చూద్దాం. ఏడాదికి అక్కడ 3,84,000, ఇక్కడ 1,80,000. రెండు లక్షల తేడా! కానీ హైదరాబాద్‌లో హాస్టలుకు 8,000, బస్సు, టిఫిన్లు, ఆదివారాలకు మరో 6,000 అనుకుంటే చేతిలో మిగిలేది 2,16,000. మీకు వానాకాలం తిండికి, రైలు చార్జీలకు 30,000 తీసేస్తే 1,50,000 ఉంటుంది. అంటే అసలు తేడా అరవై వేల పైచిలుకు. ఇష్టమైన పనికి ఇరవై నాలుగేళ్ల వయసులో అది మరీ పెద్ద మూల్యమని నేను అనను. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కాక కూడా మన ఇళ్లలో ‘కొండలెక్కడం ఒక ఉద్యోగమా’ అనే మాట పోలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నన్ను కలవరపెడుతున్నది మీ జీతం కాదు, ఆ టెంటు. ఉద్యోగం పోయిన రోజే మీకు పడకా పోతుంది, భోజనమూ పోతుంది. ఊళ్లో అద్దెకుండేవాడికి కనీసం నెలాఖరు దాకా గడువు ఉంటుంది. అందుకే మీ మొదటి పొదుపు మ్యూచువల్ ఫండ్ కాదు, గది అడ్వాన్సు. నెలకు 5,000 చొప్పున 50,000 అయ్యేదాకా వేరే ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు.

రెండోది వానాకాలం. గంగ పొంగి జూలై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ ఆగిపోతుందని మీకు నేను చెప్పాలా? ఏటా వచ్చేదే అయినా ఏటా అప్పు చేస్తున్నారంటే లోపం ప్రణాళికలో ఉంది. బ్యాంకులో తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్ అక్టోబరులో మొదలుపెట్టండి. నెలకు 3,500 వేస్తే జూలైలో 31,500, పైన కాస్త వడ్డీ చేతికొస్తుంది.

ఇక అసలు సంగతి. ఆరోగ్య బీమా పాలసీ పత్రంలో ‘మినహాయింపులు’ అనే పేజీ తీసి చూడండి. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్ వంటి సాహస క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొంటూ గాయపడితే ఆ చికిత్సకు చెల్లించబోమని ఉంటుంది. ‘వృత్తిరీత్యా’ అన్న మాట దగ్గర ఆగండి. సరదాగా వచ్చి ఒక పూట తాడు పట్టుకున్న టూరిస్టుకు ఈ మినహాయింపు వర్తించదు. అతనికి తాడు కట్టిన మీకు వర్తిస్తుంది. డెంగీకో అపెండిసైటిస్‌కో పాలసీ కావాలి కాబట్టి తీసుకోండి, దరఖాస్తులో వృత్తి దాచకండి. కానీ బండరాయి మీద కాలు విరిగితే అది ఆదుకుంటుందనుకోవద్దు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. అదీ మహా అయితే 2 లక్షలు.

కాబట్టి పని ప్రమాదాల భారం క్యాంపు యాజమాన్యం మీద ఉండాలి. పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసేచోటు ఈఎస్‌ఐ (ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా) పరిధిలో ఉంటే, 21,000 లోపు జీతం వాళ్లకు అది వర్తిస్తుంది. మీ జీతంలోంచి పోయేది నెలకు 150, యజమాని వేసేది 650. పనిలో గాయపడితే చికిత్సతో పాటు, కోలుకునేదాకా జీతంలో దాదాపు తొంభై శాతం వస్తుంది. ఈఎస్‌ఐ లేదంటే, ఇన్‌స్ట్రక్టర్ల కోసం తీసుకున్న గ్రూపు పాలసీ కాపీ అడగండి. పిల్లల పేరిట తీసుకున్న పాలసీ చూపించి పంపేస్తే ఒప్పుకోకండి.

ఒక చిన్న పరీక్ష: ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద చూడండి. ‘వృత్తి ఫీజు’ అని టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి ఉంటే, కాగితాల మీద మీరు ఉద్యోగే కారు. పీఎఫ్, ఈఎస్‌ఐ ఎందుకు లేవో అప్పుడు తెలుస్తుంది. మీ ఆదాయానికి పన్ను లేదు, రిటర్ను వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. వచ్చే సీజను ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఈ మాట ఎత్తాలి. పిల్లల బస్సులు వచ్చాక ఎవరూ వినరు.

పైన చెప్పిన రెండు పొదుపులు, ఇంటికి 5,000, మీ చేతి ఖర్చుకు 3,500 పోగా నెలకు 3,000 మిగులుతుంది. దాన్ని అడ్వాన్స్ కోర్సుకు దాచండి. జీతం పెరిగే దారి అదే: బేసిక్‌లో ‘A’ గ్రేడు వచ్చి ఉంటే అడ్వాన్స్, అందులోనూ ‘A’ గ్రేడు వస్తే శిక్షకుల కోర్సు. అయితే ఈ కోర్సులు ఎక్కువగా మీ సంపాదన నెలల్లోనే పడతాయి. ఫీజుతో పాటు పోయే ఒక నెల జీతాన్ని కూడా ఖర్చులోనే వేసుకోండి.

ఆ ట్రంకులో ఏముందో రాయలేదు. బూట్లు, హెడ్‌ల్యాంపు అయితే సరే. క్యాంపు కోసం సొంత డబ్బుతో తాడు కొన్నారా? కొంటే బిల్లు పెట్టి డబ్బు అడగండి. పిల్లల్ని దింపే తాడు ఎన్ని సీజన్లు వాడారో రాసుకోవాల్సిన రిజిస్టరు క్యాంపుది, తాడూ క్యాంపుదే కావాలి.