హెచ్‌ఓ స్కేల్లో బిగ్‌బాయ్ లాగే 1950ల పళ్ల గూడ్సు: వ్యాగన్లు మలుపులో ఎందుకు పడిపోతున్నాయి?

అడిగింది ఇది: అమెరికా రైల్వే కంపెనీ యూనియన్ పసిఫిక్ నడిపిన భారీ ఆవిరి ఇంజన్ బిగ్‌బాయ్‌కి హెచ్‌ఓ (అసలుకు 87వ వంతు) మోడల్ ఉంది, పీఎఫ్ఈ (పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్) రీఫర్ వ్యాగన్లు, అంటే మంచుతో చల్లబరిచే సరుకు పెట్టెలు, పాతికకు పైగా ఉన్నాయి. 1950ల నాటి యూనియన్ పసిఫిక్ పళ్ల రైలులా నడపాలి. పదిహేను వ్యాగన్లు దాటితే మలుపులో లోపలివైపు ఒరిగి పడుతున్నాయి. ఇంజన్ బలం చాలడం లేదా?

ఇంజన్ బలం చాలకపోతే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, వ్యాగన్లు పడవు. లోపలికి ఒరుగుతున్నాయంటే ముందు తేలిక వ్యాగన్లు, వెనక బరువైనవి ఉన్నాయన్నమాట. ముందునుంచి ఇంజన్, వెనకనుంచి బరువు గుంజుతుంటే వ్యాగన్ల వరస మలుపుకు అడ్డంగా తిన్నగా సాగాలని చూస్తుంది. మధ్యలో తేలికగా ఉన్నది పట్టా వదిలేస్తుంది. కాబట్టి మొదట అన్నిటినీ తూకం వేయండి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే అభిమానుల సంఘం) సిఫారసు ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. నలభై అడుగుల రీఫర్ మోడల్ దాదాపు 5.7 అంగుళాలు ఉంటుంది కాబట్టి బరువు 109 గ్రాముల దగ్గర ఉండాలి. అంకె కచ్చితంగా రాకపోయినా ఫర్వాలేదు గానీ, అన్నీ ఒకే బరువులో ఉండటం ముఖ్యం.

అదనపు బరువును నేలపలక మీద, వీలైనంత కిందుగా అంటించండి. డబుల్ సైడ్ టేపు కొన్నాళ్లకు ఊడి, బరువు లోపల దొర్లుతుంది. సిలికోన్ సీలెంట్ మేలు. సీసం గుళ్లను మాత్రం తెల్ల జిగురుతో అంటించకండి. ఏళ్లు గడిచేకొద్దీ సీసం ఉబ్బి వ్యాగన్ పక్కలను చీల్చేస్తుంది.

బరువు తర్వాత ట్రక్కులు, అంటే వ్యాగన్ రెండు కొసల కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాలు. ఒక ట్రక్కు స్క్రూను అది తిరగడంతోపాటు అటూ ఇటూ ఊగేంత వదులుగా ఉంచండి. రెండోదాన్ని తిరిగితే చాలనేంత బిగించండి. రెండూ బిగిస్తే పట్టా కాస్త మెలితిరిగిన చోట ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. రెండూ వదులైతే వ్యాగన్ తూలుతుంది. ప్లాస్టిక్ చక్రాలుంటే తీసేసి 33 అంగుళాల లోహపు చక్రాలు వేయండి, ప్రతి జతనూ ఎన్‌ఎంఆర్‌ఏ గేజ్‌తో సరిచూడండి. నూటికి రెండు వాలులో పెట్టి వదిలితే వ్యాగన్ తనంతట తాను దొర్లాలి. దొర్లకపోతే ఇరుసు కొనలు ట్రక్కు పక్కలను ఒరుసుకుంటున్నాయో, లోపల దూది పోగు ఇరుక్కుందో చూడండి.

కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) మధ్యగీత పట్టా పైభాగంనుంచి 25/64 అంగుళం ఎత్తులో ఉండాలి. దీనికి కేడీ కంపెనీ హైట్ గేజ్ (ఎత్తు సరిచూసే కొలత పరికరం) ఒకటి కొని పెట్టుకోండి. కప్లర్ కిందుగా ఉంటే ట్రక్కు పైన పలుచని ఫైబర్ వాషర్ వేయండి. కప్లర్ కింద వేలాడే వంపు తీగ టర్నౌట్ (ఒక పట్టా రెండుగా చీలే చోటు) మధ్యలో తగులుకోవడం మామూలు తంటా. దాన్ని కొద్దిగా పైకి వంచాలి.

ఇక ఇంజన్ లెక్క. పాతిక వ్యాగన్లంటే సుమారు 2.7 కిలోలు. నూటికి 1.55 ఎక్కుడులో కేవలం ఆ ఎత్తుకు లాగడానికే 42 గ్రాముల లాగుడు కావాలి. చక్రాల ఒరిపిడికి, పైన చెప్పిన పరీక్ష నెగ్గిన వ్యాగన్లయితే, గట్టిగా 54 గ్రాములకు మించదు. మలుపు ఉంటే ఇంకాస్త కలపండి. ఇంజన్ వెనక స్ప్రింగ్ త్రాసు తగిలించి, చక్రాలు జారే ముందు ఎంత చూపిస్తుందో చూస్తే మీ అనుమానం తీరిపోతుంది.

1.55 అనే అంకె ఊరికే తీసుకున్నది కాదు. అమెరికాలోని వయోమింగ్‌లో షైయెన్‌నుంచి షెర్మన్ కొండకు పాత దారి ఎక్కుడు అంతే. 1953లో హారిమన్ మీదుగా మూడో దారి వేసి దాన్ని 0.82కు తగ్గించారు. యుద్ధకాలంలో బిగ్‌బాయ్‌ల ప్రధాన పని యూటాలోని ఓగ్డెన్-వాసాచ్ ఎక్కుడులో ఉండేది, అక్కడ 1.14. తర్వాత అవి షైయెన్-లారమీ వైపు మారి, 1959 జులై దాకా సరుకు లాగాయి. అంటే మీ రైలుకు ఏడాదితోపాటు చోటునూ దిశనూ ముందే నిర్ణయించుకోవాలి. పళ్లు నింపిన రీఫర్లు తూర్పుకు పోతాయి, ఖాళీవి పడమటికి వస్తాయి. లారమీనుంచి షైయెన్‌కు దిగే బండి నింపిన బండి. మంచు వేసిన వాటికి పైకప్పు నాలుగు మూతలూ మూసి ఉండాలి. గాలి ఆడేలా పంపే సరుకుకు మాత్రం మూతలను కాస్త ఎత్తి నిలబెడతారు. కొందరు అందం కోసం అన్నీ తెరిచి పెడతారు, అది చూడగానే తప్పని తెలిసిపోతుంది.

వ్యాగన్ల ఎంపికలోనూ ఏడాదే పెద్ద దిక్కు. ఆర్-40-23 రకం ఉక్కు రీఫర్లు 1947లో వచ్చాయి, కాబట్టి అవి ఉన్న బండి యుద్ధకాలపు వాసాచ్‌కు పనికిరాదు. పీఎఫ్ఈ యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ రైల్వేల ఉమ్మడి సంస్థ; 1946కు ముందు ఒక్కో పక్కన ఒక్క కంపెనీ చిహ్నమే ఉండేది, ఆ తర్వాత రెండు పక్కలా యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ చిహ్నాలు రెండూ వచ్చాయి. 1950లకైతే ఉక్కు వాటి మధ్య 1920ల నాటి చెక్క పలకల ఆర్-30 రకాన్ని కొన్ని కలపండి. నడక పలక లేని పైకప్పు, వ్యాగన్‌ను యంత్రం గుర్తుపట్టేందుకు పెట్టిన రంగు గీతల ఏసీఐ పలక 1960ల మాట, వాటిని పక్కన పెట్టండి. ఆర్చ్‌బార్ ట్రక్కులు (ఇనుప పట్టీలను బోల్టులతో బిగించి చేసిన పాత రకం) 1940 నుంచే ఇతర కంపెనీల లైన్ల మీదకు నిషిద్ధం. ఒకే నంబరు రెండు వ్యాగన్ల మీద ఉంటే ఒకదాని నంబరు మార్చండి.

రంగు విషయంలో చెక్కవి వెలిసినట్టు, కొత్త ఉక్కువి నారింజ రంగు ఇంకా మెరుస్తున్నట్టు ఉంటే బాగుంటుంది. పైకప్పుల మీద మాత్రం అన్నిటికీ మసి పడాలి, లాగేది బొగ్గు ఇంజనే.

పట్టా వ్యాసార్థం 22 అంగుళాలుంటే చాలా బిగ్‌బాయ్ మోడళ్లు నడుస్తాయి, కానీ బాయిలర్ ముక్కు మలుపు బయటికి వికారంగా పొడుచుకొస్తుంది. 30 అంగుళాలకు తక్కువ పెట్టకపోవడమే మంచిది. జంట పట్టాలైతే ఇంజన్ ముక్కుకు పెన్సిల్ కట్టి మెల్లగా నడిపి, అది గీసిన గీత బయటే పక్క పట్టా బండి ఉండేలా దూరం పెంచండి. ఎక్కుడులో గంటకు 25 మైళ్ల వేగం కావాలంటే మీటరు దూరానికి ఎనిమిది సెకన్లు పట్టాలి. ఇంజన్, పాతిక వ్యాగన్లు, కబూస్ (చివరన ఉండే సిబ్బంది పెట్టె) కలిపి నాలుగున్నర మీటర్లు అవుతుంది, బండి ఆగే పక్క లైనును (సైడింగ్) అంతకన్నా కాస్త పొడుగ్గానే వేయండి.