అమెరికా డిగ్రీలో విదేశీ భాష నిబంధనను తెలుగుతో పూర్తి చేయవచ్చా?

గుంటూరులో ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చదివి అమెరికాలో బీఏలో చేరానని, నాలుగు సెమిస్టర్లు విదేశీ భాష చదవాలంటున్నారని, తెలుగు వచ్చిన నాకు మినహాయింపు ఉంటుందా లేక స్పానిష్‌లో చేరిపోవాలా అని అడిగారు. చేరేముందు మీ విశ్వవిద్యాలయం కేటలాగులో ఆ నిబంధనను యథాతథంగా చదవండి. చాలాచోట్ల అక్కడ ఉండేది ‘ఇంగ్లిష్ కాని మరో భాష’ అనే. అలా ఉంటే తెలుగు అడగడానికి మీకు పూర్తి హక్కు ఉంది. నేను సోషియాలజీ బీఏ చేసినప్పుడు తెలుగుతోనే పూర్తి చేశాను.

చిక్కంతా రుజువు దగ్గరే. విదేశీ విద్యార్థులకు మినహాయింపు ఇచ్చేటప్పుడు హైస్కూలు చదువు ఏ మాధ్యమంలో సాగిందని చూసే విశ్వవిద్యాలయాలు ఎక్కువ. మనలో చాలామందిది ఇంగ్లిష్ మీడియం. పైగా మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటే ఆ మెమోలో తెలుగు ఊసే ఉండదు. నాదీ అదే పరిస్థితి. ప్రథమ భాష తెలుగు అని ఉన్న పదో తరగతి మెమోయే నాకు ఆధారమైంది. అయినా మా సలహాదారు మొదట ‘మా జాబితాలో తెలుగు లేదు’ అన్నారు. అది వాళ్లు బోధించే భాషల జాబితా. బయటి పరీక్షతో గుర్తించే భాషల సంగతి వేరు. ఆ రెండోదాని గురించి ఈమెయిల్‌లో అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. కాదంటే డీన్ కార్యాలయానికి అర్జీ పెట్టుకోవచ్చు.

మెమో చాలదంటే, విదేశీ భాషల బోధనపై పనిచేసే అమెరికా సంస్థ ఏసీటీఎఫ్ఎల్ వారి మౌఖిక పరీక్ష ఉంది. తెలుగులోనూ రాయవచ్చు, అంటే మాట్లాడవచ్చు. అరగంటకు మించని ఫోను సంభాషణ అది. ఊరు, ఇల్లు, చదువుతో మొదలవుతుంది. మీ మాటల్లోంచే ఒక విషయం పట్టుకుని పరీక్షకులు లోతుకు వెళతారు. నేను మా ఊళ్లో నీటి ఎద్దడి ప్రస్తావించాను. ముందు ఒక వేసవిలో జరిగింది వరుసగా చెప్పమన్నారు. తర్వాత ప్రభుత్వం ఏం చేయాలి, చెరువులు పూడ్చకుండా ఉంటే పరిస్థితి ఎలా ఉండేది అని అడిగారు. ఇంట్లో మాట్లాడే తెలుగు అక్కడిదాకా రాదు. ప్రతి మూడో మాటా ఇంగ్లిష్‌లో పడిపోతుంది. అందుకే ముందుగా దినపత్రికల సంపాదకీయాలు బిగ్గరగా చదివి, వాటిపై మీ అభిప్రాయాన్ని పేరాల కొద్దీ చెప్పడం సాధన చేయండి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. రాత పరీక్ష కూడా కావాలంటారేమో ముందే కనుక్కోండి.

మినహాయింపు, క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్లు) ఒకటి కావు. చాలాచోట్ల మినహాయింపు వస్తే నిబంధన తీరుతుంది గానీ క్రెడిట్లు రావు. డిగ్రీకి సాధారణంగా కావలసిన 120 క్రెడిట్లలో ఆ లోటును వేరే కోర్సులతో నింపాలి. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు నిలుపుకోవాలి కాబట్టి, భాష కోర్సు తీసేసే ముందు ఆ లెక్క చూసుకోండి.

తెలుగు బోధించే విశ్వవిద్యాలయమైతే అక్కడి అధ్యాపకులే మీ స్థాయి పరీక్షించవచ్చు. సులువుగా ‘ఏ’ గ్రేడు వస్తుందని మొదటి స్థాయి తరగతిలో మాత్రం కూర్చోకండి. మాతృభాషగా వచ్చినవారిని అందులో సాధారణంగా చేర్చుకోరు, అది న్యాయం కూడా. ఆ సీటు మాట్లాడటమే తప్ప అక్షరాలు రాని ఇక్కడి మన పిల్లలకు దక్కాలి.

మరో మాట. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు తెలుగు నేర్పడానికి 44 వారాలు, అంటే 1,100 తరగతి గంటలు పడుతుందని లెక్క కట్టింది. అంత శ్రమతో వచ్చే భాష మీకు ముందే ఉంది. అడగడానికి మొహమాటపడకండి. స్పానిష్ మీద నిజంగా ఇష్టముంటే తర్వాత తీరిగ్గా నేర్చుకోవచ్చు. మూడో సెమిస్టరు రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపే దరఖాస్తు పెట్టండి. మెమో ధ్రువీకరణకు, పరీక్ష తేదీ దొరకడానికి వ్యవధి కావాలి.