నల్లముఖం జడ్జిగారు నిజంగా ఉన్నాడా?

ప్రశ్న: చైనా సీరియల్లో నుదుటి మీద నెలవంక ఉన్న జడ్జి బావ్ జెంగ్ రాజుగారింటి అల్లుడికి కూడా తల తీయిస్తాడు. ఇలాంటోడుంటే మన భూమి కేసు ఎప్పుడో తేలేదంటారు మా అత్తయ్య, పాత కాగితాలేమో తెలుగులో, కోర్టేమో ఒడియాలో! మా ఆయనేమో అంతా కట్టుకథ అంటారు. నిజమేంటండీ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మనిషి నిజమేనమ్మా. 999లో పుట్టి 1062లో పోయాడు, సోంగ్ రాజుల కాలంలో కైఫెంగ్ నగరానికి అధికారి, లంచం ముట్టడని పేరు. ఆ నల్లముఖం, నెలవంక, అల్లుడి కథ, డ్రాగన్ తల, పులి తల, కుక్క తల ఉన్న ఆ నరికే కత్తులు మాత్రం తర్వాత కథలవాళ్లూ నాటకాలవాళ్లూ తగిలించినవి. నాకైతే ఆ దర్బారే భయం. విచారించేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే, నిజం చెప్పించడానికి కొట్టించడం అక్కడ మామూలు, ఒక్కోసారి ఫిర్యాదు చేసినవాళ్లకీ పడేవి. అత్తయ్యగారికి ఆ ముక్క మెల్లగా చెప్పండి.