భీమవరం ఇల్లు అద్దెకిచ్చే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, పాలకొల్లు నుంచి మామయ్య ఆశీస్సులు.

బావగారు కట్టిన భీమవరం ఇంటిని రెండు వాటాలుగా అద్దెకిద్దామనుకుంటున్నానని, అద్దె ఎంత చెప్పాలని అడిగావు. ఆ సంగతి తరవాత. ముందు మే నెలలో ఒకసారి వచ్చి, ఆ ఇంట్లో కుళాయి తిప్పి చూడు.

ముప్పై ఏళ్లుగా నాలుగు వాటాలు అద్దెకిస్తున్నాను. నా ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిన వాళ్లలో ఎక్కువమంది నీళ్ల ఇబ్బందితోనే వెళ్లారు. ఏప్రిల్‌లో గోదావరి కాలువలకు నీళ్లు ఆపేస్తే మళ్లీ జూన్‌లోనే నీరు. అప్పటిదాకా ఊరు ఊరంతా చెరువుల్లో నింపుకున్న నీటితోనే గడపాలి. మున్సిపల్ కుళాయి ధార సన్నబడుతుంది. బోరు వేద్దామంటే మన వైపు చాలాచోట్ల ఉప్పునీరే.

ఒక వేసవిలో మా మేడ మీద ఒక మాస్టారి కుటుంబం ఉండేది. మోటారు కాలిపోయి నాలుగు రోజులైంది. మెకానిక్ రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు అంటూ నేను ఊరుకున్నాను. ఆయన భార్య నిండు నెలల మనిషి. చంకలో బిందె పెట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కడం కళ్లారా చూశాను. నెలాఖరుకు వాళ్లు ఖాళీ చేశారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ సిగ్గు నాకు ఈనాటికీ పోలేదు.

అప్పటి నుంచి మోటారు రెండోది కొని ఇంట్లోనే ఉంచుతున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క వేస్తారు. రెండు వాటాల్లో ఎనిమిది మంది ఉంటే రోజుకు 1,080 లీటర్లు. 5,000 లీటర్ల సంపు నిండుగా ఉన్నా ఐదు రోజులు కూడా రాదు. వంటింటికి మున్సిపల్ నీళ్లకు ఒక ట్యాంకు, మరుగుదొడ్లకు బోరు నీళ్లకు వేరే ట్యాంకు, గొట్టాలు కూడా వేరువేరుగా వేయించు. ఇందులో పొదుపు చూడకు.

తరవాత గోడలు. వెనక గదిలో బీరువా జరిపి కింద గోరుతో గీకి చూడు. తెల్లటి పొడి రాలితే ఉప్పు పైకి తేలుతోందన్నమాట. దాని మీద రంగు వేయిస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తాయి. పాడైన పూత ఇటుక కనిపించేదాకా కొట్టించి కొత్తగా వేయించాలి. అప్పుడు మేస్త్రి బోరు నీళ్లతో మాలు కలపకుండా దగ్గర నిలబడు, మంచినీళ్లే వాడించు. శ్లాబులో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులు ఊడేది కూడా ఈ ఉప్పుతోనే.

ఇంకొకటి. బావగారు కట్టినప్పుడు గడప రోడ్డుకు రెండడుగుల మెరక. రోడ్డు మీద రోడ్డు వేసి ఇప్పుడు రెండూ సమానం చేశారు. గట్టి వాన పడితే వీధి నీరు వరండాలోకి వస్తుంది. వానాకాలంలో భూమిలో నీరు పైకి ఉబికి సెప్టిక్ ట్యాంకు కూడా పొంగుతుంది. జూన్ రాకముందే తోడించి పెట్టు.

కాగితాల పని తేలిక. 11 నెలలకు రాసుకుంటే రిజిస్టరు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు గానీ, 1908 రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ ప్రకారం అద్దె ఒప్పందం ఎంత కాలానిదైనా రిజిస్టరు చేయించాలి. ఖాళీ చేయడానికి ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్సులో దేనికి కోత పెడతావో అందులో రాయించు. వాటాకొక కరెంటు మీటరు తప్పదు. ఒకే మీటరైతే ఇద్దరి వాడకమూ కలిసి పై స్లాబు రేటుకు వెళ్తుంది, తగువు నీ దగ్గరికి వస్తుంది. ఏడాది ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. ఆదాయపు పన్నులో, కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద మినహాయిస్తారు. దాన్ని నిజంగా మరమ్మతులకే పక్కన పెట్టు.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. బడులు తెరిచే ముందే బోర్డు పెట్టు. వచ్చినవాళ్లను ఏమిటోళ్లని కులం అడగవద్దు. బ్రోకరు అడిగినా ఆపు. రొయ్యల కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్లు వస్తే పెళ్లికాలేదని తిప్పి పంపవద్దు. నా కింద వాటాలో ముగ్గురు ఆరేళ్లున్నారు, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు.

మే మొదటి వారంలో టికెట్టు చేయించుకో. నిచ్చెన, టార్చిలైటు నేను తెస్తాను. సంపు మూత ఎత్తి లోపల పగుళ్లున్నాయేమో ఇద్దరం కలిసి చూద్దాం. అద్దె మాట ఆ సాయంత్రం మాట్లాడుకుందాం.

మీ మామయ్య