విండోస్ 98లో గేట్‌వే దానంతటదే మారుతోందా?

ప్రశ్న: మాది బెంగళూరు పీణ్యలో చిన్న మెషీన్ షాపు. సీఎన్‌సీకి (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రానికి) ప్రోగ్రాములు పంపే పీసీలో ఇప్పటికీ విండోస్ 98 ఎస్ఈయే ఉంది, ఆ సాఫ్ట్‌వేరు కొత్తవాటిలో నడవదు. ఐపీ అడ్రస్ రౌటరే ఇస్తుంది. రెండుసార్లు డిఫాల్ట్ గేట్‌వే (డేటా బయటికి వెళ్లే దారి) మాకు తెలియని అడ్రస్‌కు మారింది. యాంటీవైరస్‌కు ఏమీ దొరకలేదు. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: 1999లో బయటపడిన లోపం ఒకటి ఇలాగే ఉంటుంది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-1999-0875. రౌటరు తన ఉనికిని ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు ఒకదానికొకటి కబురు చెప్పుకునే పద్ధతి) టైప్ 9 ప్యాకెట్‌తో దండోరా వేసే పద్ధతి ఒకటుంది, పేరు రౌటర్ డిస్కవరీ. దండోరా వేసింది అసలు రౌటరేనా అని తేల్చుకునే ఏర్పాటు అందులో లేదు. విండోస్ 95, 98లలో ఇది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. పైగా అలా వచ్చిన దారికి డీహెచ్‌సీపీ (పీసీకి ఐపీ అడ్రస్ దానంతటదే ఇచ్చే ఏర్పాటు) ఇచ్చిన గేట్‌వే కంటే పెద్దపీట వేయించవచ్చు. అప్పుడు బయటికి వెళ్లే డేటా అంతా ఆ దొంగ దండోరా వేసినవాళ్ల మీదుగా పోతుంది. డిస్కులో కొత్త ఫైలేదీ చేరదు కాబట్టి యాంటీవైరస్‌కు చిక్కదు.

గేట్‌వే మారినప్పుడు, రీస్టార్ట్ చేయకముందే, డాస్ ప్రాంప్ట్‌లో 'రూట్ ప్రింట్' (route print) కొట్టండి. 0.0.0.0తో మొదలయ్యే వరసలు, అంటే డిఫాల్ట్ దారులు, రెండుంటే అనుమానం దీని మీదే. ఒకటే ఉండి, 'విన్ఐపీసీఎఫ్‌జీ' (winipcfg)లో డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ కూడా మారి ఉంటే, లైనులో ఇంకెవరో డీహెచ్‌సీపీ నడుపుతున్నారు. అది వేరే జబ్బు, కింది మందు దానికి పనిచేయదు. కొత్త గేట్‌వేకు పింగ్ కొట్టి 'ఏఆర్‌పీ -ఏ' (arp -a)లో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) రాసుకోండి. దాన్ని బట్టి ఆ అడ్రస్ ఏ పరికరానిదో దొరుకుతుంది. కావాలనే చేశారని అప్పుడే ఎవరినీ అనకండి, ఈ పద్ధతి ఆన్‌లో ఉన్న రెండో రౌటరు తగిలించినా ఇలాగే అవుతుంది.

ఇక మందు. రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగులుండే చోటు) ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, క్లాస్, నెట్‌ట్రాన్స్ వరకూ వెళ్లండి. కింద 0000, 0001 లాంటి ఫోల్డర్లుంటాయి. 'డ్రైవర్‌డెస్క్' (DriverDesc) ఎదురుగా టీసీపీ/ఐపీ అని ఉన్న ప్రతి ఫోల్డర్‌లోనూ 'పెర్ఫామ్‌రౌటర్‌డిస్కవరీ' (PerformRouterDiscovery) పేరుతో డీవర్డ్ (అంకె విలువ) చేర్చి విలువ 0 ఇవ్వండి. పేరులో ఖాళీలు ఉండకూడదు. డయల్-అప్‌కు ఒకటి, ల్యాన్ కార్డుకు ఒకటి ఉండవచ్చు, చాలామంది మొదటిదానితోనే ఆపేస్తారు. తర్వాత రీస్టార్ట్ చేయండి.

ఫైర్‌వాల్‌లో టైప్ 9, టైప్ 10 (రౌటరు ఎవరని పీసీ అడిగేది) ప్యాకెట్లు ఆపడం మంచిదే కానీ, షాపు లోపలి నుంచి వచ్చేవాటిని అది అడ్డుకోదు. ఈ పీసీకి ఇంటర్నెట్ అక్కర్లేకపోతే దాన్నీ సీఎన్‌సీనీ వేరే స్విచ్‌కు మార్చి, ఆఫీసు లైనుతో కలిపే కేబుల్ తీసేయండి.