కేలండరు దగ్గర పెట్టుకుని రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల చిత్తుప్రతి చదివాను. అప్పట్లో హంగేరీలో ఉన్న ముంకాచ్ ఊరి యూదు పిల్ల నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, బ్రూక్లిన్‌లో ముసలిదయ్యేదాకా తీసుకెళ్లావు. వాక్యం నీకు లొంగింది, తేదీలే ఇంకా లొంగలేదు. ఈ కథలో ఒక నెల అటూ ఇటూ అయితే మనిషి తలరాతే మారిపోతుంది.

మొదటి అధ్యాయంలో ఇంటిమీద పడింది జర్మన్ సైనికులన్నావు. 1944 మార్చి 19న జర్మనీ హంగేరీని ఆక్రమించిన మాట నిజమే. కానీ గుమ్మంలోకొచ్చి కుటుంబాన్ని, యూదుల్ని పోగుచేసిన ఇటుక బట్టీలకు తోలింది హంగేరీ జెండార్మ్‌లు, అంటే పల్లెల పోలీసులు, టోపీకి కోడి ఈకలు పెట్టుకునేవాళ్లు. ఆ పిల్ల బడిలో చదువుకున్న భాషలోనే అరిచారు. మే 15 నుంచి జులై 9 దాకా సుమారు 4,37,000 మంది యూదుల్ని రైళ్లెక్కించారు, ఎక్కువమందిని ఆష్విట్జ్‌కే. పెట్టెకు డెబ్భై ఎనభై మంది, తాగడానికో బకెట్టు, దొడ్డికో బకెట్టు. సరిహద్దు దగ్గరి కష్షా స్టేషన్లో కాపలా జర్మన్ల చేతికి మారింది.

'పని చేస్తే విముక్తి' అన్న గేటు ఆష్విట్జ్ మొదటి శిబిరానిది. ఆ మే నుంచి రైలు నేరుగా అక్కడి రెండో శిబిరం బిర్కెనౌ లోపలికే పోయేది కాబట్టి నీ కథానాయిక ఆ గేటు కిందుగా నడవదు. చేతిమీద అంకె కూడా తప్పనిసరి కాదు. ఆ వేసవిలో వచ్చిన హంగేరీ ఆడవాళ్లలో చాలామందికి పచ్చబొట్టు వేయలేదు.

అసలు తప్పు ర్యాంపు మీద, అంటే రైలు దిగినవాళ్లలో ఎవరు పనికి, ఎవరు చావుకి అని వేరుచేసే ప్లాట్‌ఫారం మీద జరిగింది. అక్క బిడ్డను చంకనేసుకుని దిగిన అమ్మాయి బతికిందని రాశావు. బతకదు. చంకలో పసిబిడ్డ ఉంటే, ఎవరి బిడ్డా అని అడగకుండా ఇద్దరినీ గ్యాస్ గదికే పంపేవారు. సామాన్లు దించే ఖైదీలు కొందరు యూదుల ఇంటి భాష యిడ్డిష్‌లో గొణిగేవారు, పిల్లల్ని ముసలివాళ్లకిచ్చెయ్యమని. ఎందుకో చెప్పే వీలు వాళ్లకు లేదు. ఆమె బిడ్డను అమ్మమ్మ చేతికివ్వాలి, అప్పుడే నీ నవల ముందుకు నడుస్తుంది. చివరి అధ్యాయంలో ఆమెకు నిద్రపట్టకపోవడానికి నువ్వు వెతుక్కున్న కారణాలన్నీ ఆ ఒక్క పనిలో ఉన్నాయి.

ఆకలిని విశేషణాలతో రాయకు, కొలతతో రాయి. పొద్దున కాఫీ అనబడే అరలీటరు నల్లనీళ్లు, మధ్యాహ్నం సుమారు లీటరు సూపు, రాత్రికి 300 గ్రాముల రొట్టె, దానిమీద కాస్త మార్జరిన్. ఆ రొట్టెలోనే రేపటి పొద్దుటికీ మిగుల్చుకోవాలి. దాచుకుంటే రాత్రికి రాత్రి ఎవరైనా లాక్కుపోతారు, తినేస్తే తెల్లారి హాజరుకి నిలబడే ఓపికుండదు. రోజూ ఇదే లెక్క. బహిష్టులు ఆగిపోతాయి. సూపులో ఏదో కలుపుతున్నారని, ఇక పిల్లలు పుట్టరేమోనని గుసగుసలు. అన్నట్టు, నీ ప్రతిలో బహిష్టు మాటే లేదు. మొహమాటపడకు.

జర్మనీలోని బెల్సెన్ శిబిరంలో ఆమె అమెరికన్ సైనికుణ్ణి కౌగిలించుకుందని రాశావు. 1945 ఏప్రిల్ 15న అక్కడికొచ్చింది బ్రిటిష్ సైన్యం. వాళ్లు జాలితో ఇచ్చిన కొవ్వు తిండి ఎండిన పేగులకు అరగలేదు, పేల వల్ల సోకే టైఫస్ జ్వరం ఎటూ ఉంది. విడుదలయ్యాక కూడా సుమారు 13,000 మంది చనిపోయారు. బెంగాల్ కరువులో వాడిన పాలపొడి, చక్కెర మిశ్రమాన్ని అక్కడా కలిపి ఇచ్చారు. ఆ తీపి వాళ్లకు మింగుడుపడలేదు. విడుదల సన్నివేశానికి జెండాకన్నా ఆ తీపి నీళ్ల గిన్నె పనికొస్తుంది.

బ్రూక్లిన్ భాగంలో కన్నీళ్లు తగ్గించి కాగితాలు పెంచు. 1956 నాటి పశ్చిమ జర్మనీ పరిహార చట్టం ప్రకారం ఆరోగ్యం చెడినందుకు పింఛను రావాలంటే, సంపాదించే శక్తి కనీసం 25 శాతం తగ్గిందని డాక్టరు రాయాలి. పీడకలలు, తలనొప్పి చెబితే పుట్టుకతో వచ్చిన తత్వమని కొట్టిపారేసిన డాక్టర్లున్నారు. న్యూయార్క్‌లో ఇలాంటి దరఖాస్తుదారులను పరీక్షించిన మానసిక వైద్యుడు విలియం నీడర్‌లాండే 1960లలో, బతికి బయటపడ్డవాళ్ల ఈ బాధలకు 'సర్వైవర్ సిండ్రోమ్' అని పేరుపెట్టాడు. బిడ్డను చేయి మార్చిన సంగతి ఆమె ఆ డాక్టరుకు చెబుతుందా, దాస్తుందా? దాస్తే శాతం తగ్గుతుంది.

ఇంకొక్క మాట. 'మారణహోమం' అని పదేపదే వాడావు. హోమమంటే దేవుడికి ఇచ్చేది. హోలోకాస్ట్ అన్న గ్రీకు మాటలోనూ దహనబలి ఉందనే, చాలామంది యూదులు హీబ్రూలో 'షోఆ', అంటే విపత్తు, అంటారు. నీ కథకురాలి నోట ఆ మాటే పెట్టు. ఆమె ఎవరికీ ఏమీ సమర్పించలేదు.

ర్యాంపు, డాక్టరు గది, ఈ రెండూ తిరగరాసి పంపు. తక్కినవి తర్వాత చూద్దాం.